వాషింగ్ మెషీన్ కొనే ముందు మేడెక్కండి



ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్, అంటే ముందువైపు గాజు తలుపున్న మెషీన్, కొందామా వద్దా అని ఆలోచిస్తున్న ఇళ్లవాళ్లతో ఈ పూట కాసేపు మాట్లాడదామని వచ్చాను. ఏ కంపెనీది కొనాలో చెప్పను. రేడియోలో పేర్లు చెప్పడం పద్ధతి కాదు సరే, చెప్పొచ్చన్నా నేను అక్కణ్ణించి మొదలుపెట్టను. దుకాణంలో వరసగా నిలబెట్టిన మెషీన్లన్నీ బాగానే ఉంటాయి. వాటికి అక్కడ నీళ్లూ ఉండవు, బట్టలూ ఉండవు. తేడా అంతా మీ ఇంటికొచ్చాక మొదలవుతుంది. అందుకని దుకాణానికి వెళ్లే ముందు ఒక్కసారి మేడెక్కండి. మీ నీళ్ల ట్యాంకు ఎక్కడుందో, ఎంత ఎత్తున ఉందో చూసి రండి.

ఎందుకంటే, ఈ మెషీన్ వెనకాల నీళ్లు లోపలికి వదిలే చిన్న వాల్వు ఒకటుంటుంది. కరెంటు తగిలితే తెరుచుకుంటుంది. కానీ దాని లోపలి రబ్బరు పొర పూర్తిగా లేవాలంటే కరెంటు ఒక్కటే చాలదు, కుళాయిలోంచి వచ్చే నీటి తోపుడు కూడా ఉండాలి. ఆ తోపుడు కనీసం 0.3 బార్ ఉండాలని చాలా కంపెనీలు తమ పుస్తకాల్లో రాస్తాయి. కొన్ని 0.5 అంటాయి. ఒక బార్ అంటే 10 మీటర్ల నిలువెత్తు నీళ్లు. 0.3 బార్ అంటే 3 మీటర్లు, మన లెక్కలో పదడుగులు. ట్యాంకులో నీళ్ల మట్టం నుంచి మెషీన్ కుళాయి దాకా నిలువుగా కొలవాలి. పైపు ఎంత పొడవు తిరిగి వచ్చిందన్నది ఎత్తు కింద లెక్కకు రాదు. పైగా ఎల్బోలు, సన్నపాటి పైపులు ఉంటే అవి కాస్త కాజేస్తాయి కూడా.

మామూలు డాబా ఇల్లు తీసుకుందాం. పై అంతస్తులో ఉంటున్నారు. శ్లాబు పదడుగుల ఎత్తు. మెషీన్ కుళాయి నేల నుంచి మూడడుగుల మీద ఉంది. ట్యాంకును శ్లాబు మీదే కూచోబెట్టారు. అంటే ట్యాంకు అడుగు నుంచి కుళాయికి మిగిలింది ఏడడుగులే. 0.2 బార్. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది. సగానికి దిగిందా, మెషీన్ అలిగి కూచుంటుంది. అదే ట్యాంకు మెట్ల గది పైన ఉంటే ఇంకో ఎనిమిదడుగులు కలిసి, పదిహేను అడుగులై, 0.45 బార్ వస్తుంది. గట్టెక్కినట్టే. కింది అంతస్తులో ఉన్నవాళ్లకైతే ట్యాంకు శ్లాబు మీదున్నా బెంగ లేదు. విచిత్రం ఏమిటంటే, ట్యాంకుకి అందరికన్నా దగ్గరగా ఉన్నవాళ్లకే నీటి తోపుడు అందరికన్నా తక్కువ. అపార్ట్‌మెంట్లలో చివరి అంతస్తు ఫ్లాటు కొన్నవాళ్లు గీజరు దగ్గరా, షవరు దగ్గరా ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టి ఉంటారు.

ఇలాంటి ఇంట్లో మెషీన్ పెడితే ఏమవుతుందో నేను దగ్గర్నుంచి చూశాను. మా బంధువులది పైవాటా. బటన్ నొక్కగానే తలుపు టక్కున బిగుసుకుంది. వెనకాల సన్నగా సుయ్‌మని చప్పుడు. అద్దంలోంచి చూస్తే ఒక్క ధార కూడా కనపడదు. కాసేపటికి డిస్‌ప్లే మీద ఏదో అక్షరం, ఏదో అంకె, ఆపైన కీచుకీచుమని మోత. మెకానిక్ వచ్చాడు. మెషీన్ వైపు తలైనా తిప్పలేదు. గొట్టం ఊడదీసి కుళాయి తిప్పి చూశాడు. "మెషీన్‌కేం లేదండీ, మీ ట్యాంకే పొట్టిగా ఉంది" అన్నాడు. తర్వాత ఇనప స్టాండు చేయించి ట్యాంకును దాని మీదికి ఎక్కించారు. మెషీన్ ఆ రోజు నుంచి చక్కగా నడుస్తోంది. స్టాండుకి తావు లేకపోతే ప్రెషర్ పంపు పెట్టించుకోవచ్చు. ఏది చేసినా ఆ ఖర్చును మెషీన్ ధరలోనే కలిపి చూసుకోండి.

ఇంతెత్తు కొలిచే ఓపిక లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. మెషీన్ పెట్టదలచుకున్న కుళాయి కింద బకెట్ పెట్టి పూర్తిగా తిప్పండి. గడియారం చూసుకుని సరిగ్గా నిమిషానికి కట్టేయండి. కొన్ని కంపెనీలు నిమిషానికి కనీసం 8 లీటర్లు రావాలంటాయి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కాదు, సాయంత్రం అడుగంటినప్పుడు ఈ పరీక్ష పెట్టండి. అప్పుడూ 8 లీటర్లు వస్తే ఇక ధైర్యంగా దుకాణానికి వెళ్లొచ్చు.

సరే, నీళ్లు వస్తున్నాయి. అసలు ఇది ఉతికే తీరేమిటి? పై మూత మెషీన్‌లో బట్టలు నీళ్లలో మునిగి గిరగిరా తిరుగుతాయి. ఇందులో అలా కాదు. తొట్టి అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని లోపలి అంచులు తడి బట్టల్ని పైకి ఎత్తి కింద పడేస్తుంటాయి. ఎత్తడం, పడేయడం, మళ్లీ ఎత్తడం. చాకిరేవులో బండకేసి బాదడానికి ఇది తమ్ముడు, కాకపోతే గుండీలు పగలవు. అందుకే నీళ్లు తక్కువ చాలు. ఏడు కిలోల మెషీన్‌లో ఒక వాయికి, జాడింపులన్నీ కలిపి, మామూలుగా 50 లీటర్ల చుట్టుపక్కల అవుతాయి. అదే బట్టలకు పై మూత మెషీన్ 100 దాటిపోతుంది. ట్యాంకర్ కొనుక్కునే కాలనీల్లో ఈ తేడా విలువ ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

కానీ మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇక్కడే అనుమానం వస్తుంది. అద్దంలోంచి చూస్తే లోపల నీళ్లే కనపడవు. "ఇదేం ఉతుకుడమ్మా, బట్టలు తడిసినట్టే లేవు, సబ్బు ఎలా పోతుంది?" అంటారు. అని ఊరుకోరు, ఇంకో చెంచాడు పొడి వేస్తారు. అసలు గొడవ అప్పుడు మొదలవుతుంది. బకెట్లో నానబెట్టే మామూలు సర్ఫు నురుగు కోసమే తయారైంది. తక్కువ నీళ్లలో పడి, ఎత్తి పడేసే దెబ్బలకు అది అద్దం నిండా నురుగై లేస్తుంది. నురుగు పరుపులా అడ్డుపడి బట్ట మీద దెబ్బ పడనివ్వదు. చాలా మెషీన్లు ఆ నురుగును కనిపెట్టి, అది తగ్గేదాకా ఆగి, మళ్లీ మళ్లీ జాడిస్తాయి. గంటన్నరలో అయిపోయే వాయి రెండు గంటలు దాటుతుంది, ఆదా అయిన నీళ్లన్నీ అక్కడ ఖర్చయిపోతాయి. డబ్బా మీద ఫ్రంట్ లోడ్ అని రాసి ఉన్న పొడి, లేదా ద్రవం, అదీ డబ్బా మీద చెప్పిన కొలతలో వేస్తే చాలు. ఉతికేటప్పుడు అద్దం మీద సన్నటి నురుగు గీతలు కనిపిస్తే సరిపోయిందని లెక్క.

ఇక వేడినీళ్ల సంగతి. ఈ మెషీన్లలో దాదాపు అన్నిటికీ లోపల హీటరు ఉంటుంది. దానికో కారణముంది. ఐరోపాలో కుళాయి నీళ్లు చలికాలంలో 10 డిగ్రీలకు అటూ ఇటూగా వస్తాయి. అంత చల్లటి నీళ్లలో సబ్బు సరిగ్గా కరగదు, జిడ్డు వదలదు. అక్కడివాళ్ల కోసం పెరిగిన యంత్రం ఇది. ప్యానెల్ మీద 20, 30, 40, 60, 90 అని ఉన్న అంకెలు ఆ దేశాల నీళ్లను బట్టి వేసినవి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు కుళాయి తిప్పితేనే 25 నుంచి 30 డిగ్రీల నీళ్లు వస్తాయి. కాబట్టి మీరు 20 మీద పెట్టినా, చల్లనీళ్ల మీద పెట్టినా ఒకటే, హీటరు వెలగదు. మే నెల మధ్యాహ్నం నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్లయితే ఏ హీటరూ లేకుండానే 40 దగ్గర ఉంటాయి.

మరి మనకు హీటరు అక్కర్లేదా అంటే, కావాలనే అంటాను. చొక్కా కాలరు మీది చెమట జిడ్డు, దిండు గలీబుల కొబ్బరినూనె, వంటింటి తువ్వాళ్లు, వీటికి 40 డిగ్రీలు చేసే మేలు ఎంత పొడి వేసినా రాదు. సబ్బుపొడిలో మరకల్ని విడగొట్టే ఎంజైములు కూడా ఆ వేడి దగ్గరే చురుగ్గా పనిచేస్తాయి. పసిపిల్లల గుడ్డలూ, జబ్బుపడినవాళ్ల దుప్పట్లూ 60 మీద ఉతకాలి. దుమ్ము పురుగులు చావడానికి ఆ వేడి కావాలి. ఖర్చు ఎంత అంటారా? అసలు ఉతికే దశలో మెషీన్ పట్టే నీళ్లు 15 లీటర్ల దాకా ఉంటాయనుకోండి. 30 డిగ్రీల నీళ్లను 40కి తేవడానికి యూనిట్‌లో ఆరో వంతు కరెంటు. బట్టలకూ తొట్టికీ పట్టే వేడి కలుపుకున్నా పావు యూనిట్ దగ్గర తేలుతుంది. అదే 60కి తేవాలంటే అర యూనిట్ దాటుతుంది. ఐరోపా గృహిణి 40 డిగ్రీల కోసం పెట్టే ఖర్చుతో మనం 60కి చేరుకుంటాం. ఎండల్లో బతుకుతున్నందుకు ఆ మాత్రం లాభమైనా ఉండాలిగా.

పసుపు మరక మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. సబ్బు తగలగానే అది ఎర్రగా మారి మీదికొస్తుంది, మెషీన్ పాడుచేసిందని ఇల్లంతా గోలవుతుంది. మెషీన్ తప్పేం లేదు, క్షారం తగిలితే పసుపు రంగు మారడం దాని గుణం. జాడించి ఎండలో ఆరేస్తే రెండు మూడు ఎండలకు అదే వెలిసిపోతుంది. పట్టుచీర, జరీ చీర, కలంకారీ, కొత్త పోచంపల్లి, వీటిని మెషీన్ దగ్గరకు తీసుకెళ్లవద్దు. గంజి పెట్టిన నేతచీరల్ని వేసినా వాటి గంజి లోపలే వదిలి, తొట్టికి జిగురు పడుతుంది.

ఇప్పుడు ఉప్పు నీళ్ల మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ బోరు నీళ్ల మీద బతికే ఇళ్లు లక్షల్లో ఉన్నాయి. కృష్ణ, గోదావరి, మంజీర నీళ్లు కుళాయికి వచ్చే ఇళ్లలోనూ బట్టలకూ, స్నానానికీ బోరు నీళ్లు కలిపేస్తుంటారు. తాగే నీటికి భారతీయ ప్రమాణం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములుంటే మంచిదంటుంది, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. మన బోర్లు చాలా చోట్ల ఈ రెంటి మధ్యా ఉంటాయి, కొన్ని పైకీ పోతాయి. లీటరుకి 500 ఉందనుకోండి. 50 లీటర్ల వాయికి 25 గ్రాముల సున్నపు సరుకు మెషీన్‌లోంచి వెళుతుంది. అందులో ఎక్కువ భాగం నీళ్లతోనే బయటికి పోతుంది. మిగిలింది నీళ్లు వేడెక్కినప్పుడల్లా హీటరు కడ్డీకి గారగా పడుతుంది. గార పట్టిన కడ్డీ కరెంటు తింటుంది, నీళ్లను మాత్రం సరిగ్గా వేడెక్కించదు, ఆఖరికి ఒకరోజు ఫట్టుమంటుంది.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి స్నానాల గదిలోకి వెళ్లండి. కుళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు ఉందా? స్టీలు బకెట్ అంచుకి బూడిద రంగు చార ఉందా? గీజరు కడ్డీ మార్పించాల్సి వచ్చిందా? ఇవన్నీ ఉంటే ఇంక పరీక్ష దేనికి, మీవి ఉప్పు నీళ్లే. ఫిల్టర్లు అమ్మేవాళ్లు టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపించి భయపెడతారు. ఆ మీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలన్నీ కలిపి ఎంతో అంచనా చెబుతుంది గాని, అందులో గార పట్టేది ఎంతో విడదీసి చెప్పలేదు. కాఠిన్యం చూసే చుక్కల మందు కిట్టు వేరే దొరుకుతుంది. లేదా నీళ్ల పరీక్ష చేసే ల్యాబుకి ఒక సీసాడు పంపండి.

ఉప్పు నీళ్లున్నంత మాత్రాన ఫ్రంట్ లోడ్ కొనకూడదనే మాట ఊళ్లో తిరుగుతుంటుంది. దాన్ని నేను నమ్మను. అదే నీళ్లు పై మూత మెషీన్‌లో రెండింతలు పోతాయి, రెండింతల సున్నం బట్టలకు తగులుతుంది, తెల్లబట్టలు బూడిద రంగుకి తిరిగేది అందుకే. కాకపోతే ఇక్కడ హీటరు ఉంది కనక జాగ్రత్త కావాలి. రోజూ 60 పెట్టకండి, వేడి పెరిగేకొద్దీ గార జోరందుకుంటుంది. 40తో పని గడుస్తుంది. వంటింట్లో వాడే నిమ్మ ఉప్పుతో గానీ, కంపెనీవాళ్లు అమ్మే గార తీసే పొడితో గానీ, రెండు నెలలకోసారి ఖాళీ మెషీన్‌ని వేడినీళ్లతో తిప్పండి. నిమ్మ ఉప్పయితే వంద గ్రాముల పొట్లం చాలు. కుళాయికి తగిలించే చిన్న గుళికల ఫిల్టరు కాఠిన్యాన్ని తగ్గించదు, గార అంటుకోవడాన్ని కొంత ఆపుతుంది, అంతే. ఇంటి మొత్తానికీ రెసిన్ సాఫ్టెనర్ పెట్టించుకుంటే నిజంగా కాఠిన్యం పోతుంది, దానికి వారం వారం ఉప్పు పోస్తుండాలి. ఏది పెట్టినా ఒకటి మరచిపోకండి, కుళాయికీ మెషీన్‌కీ మధ్య ఏ ఫిల్టరు చేరినా నీటి తోపుడు పడిపోతుంది. అది బిగించాక మళ్లీ బకెట్ పరీక్ష చేయండి.

కరెంటు విషయం త్వరగా ముగిస్తాను. హీటరు వెలిగినప్పుడు ఈ మెషీన్ రెండు వేల వాట్ల దాకా లాగుతుంది, అంటే తొమ్మిది యాంపియర్ల దగ్గర. ఫ్యాను, టీవీ పెట్టుకునే చిన్న ప్లగ్గు దీనికి చాలదు. గీజరుకి వాడే పెద్ద ప్లగ్గు, 16 యాంపియర్లది, కావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలే వద్దు. తడి చేత్తో మెషీన్‌ని తాకితే చీమ కుట్టినట్టు జిల్లుమంటే ఇంటికి ఎర్తింగ్ సరిగ్గా లేదన్నమాట. "కొంచెమే కదా" అని చెప్పులేసుకుని ఉతికే ఇళ్లున్నాయి. దయచేసి ఆ పని చేయకండి, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

తర్వాత చోటు. ఈ మెషీన్లు రమారమి 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి, కిలోలు పెరిగేకొద్దీ లోతు పెరుగుతుంది. వాష్ ఏరియా తలుపు రెండడుగులదే అయితే మెషీన్ ఆ గుమ్మం దాటదు. టేపు పట్టుకుని గేటు దగ్గర్నుంచి మెషీన్ చోటు దాకా ప్రతి గుమ్మమూ, ప్రతి మలుపూ కొలవండి. గుమ్మం దాటాక దాని తలుపు తెరుచుకోవడానికి ముందు చోటుండాలి, వెనక గొట్టాలకు నాలుగంగుళాలు ఉండాలి.

వాష్ ఏరియాలో ఇంకో చిక్కుంది. నీళ్లు జాలీ వైపు పోవడానికి మేస్త్రీ నేలకు వాటం పెట్టి ఉంటాడు. అది మేస్త్రీ పనితనమే. కానీ నిమిషానికి వెయ్యిసార్లు తిరిగే తొట్టికి వాటం పడదు. 1937లో అమెరికాలో బెండిక్స్ అనే కంపెనీ ఇళ్ల కోసం ముందు తలుపు ఆటోమాటిక్ మెషీన్ తెచ్చినప్పుడు దాన్ని నేలకు బోల్టులేసి బిగించాల్సి వచ్చేది, లేకపోతే నడిచి వెళ్లిపోయేది. ఇప్పుడు స్ప్రింగులూ, డంపర్లూ, లోపల 20 కిలోలకు పైగా కాంక్రీటు దిమ్మలూ పెట్టి దాన్ని కుదురుగా నిలబెడుతున్నారు. మెషీన్ అరవై డెబ్భై కిలోలు తూగేది అందుకే. అయినా నాలుగు కాళ్లూ ఒక మట్టాన ఉంటేనే అది కుదురు. బిగించడానికి వచ్చిన అబ్బాయి కంటితో చూసి "ఓకే సార్" అంటే ఒప్పుకోకండి. మేస్త్రీ వాడే రసమట్టం తెప్పించి మెషీన్ నెత్తి మీద నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టించండి. చక్రాల ట్రాలీ అమ్మజూపుతారు, తీసుకోకండి. చక్రాలున్నది కదలడానికే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే చక్రాల్లేని ఇనప స్టాండు గాని, ఒక అడుగెత్తు సిమెంటు దిమ్మె గాని మంచిది. వంగే పని తగ్గుతుంది.

ఎలుకల గురించి ఏ దుకాణంలోనూ చెప్పరు. చాలా మెషీన్లకు అడుగు భాగం తెరిచే ఉంటుంది. వాష్ ఏరియా జాలీలోంచి వచ్చిన ఎలుకకు లోపల వెచ్చగా, చీకటిగా, కొరకడానికి మెత్తటి వైర్లతో మంచి ఇల్లు దొరుకుతుంది. ఎలుక కొరికిన వైరింగుకి చాలా గ్యారంటీలు వర్తించవు. అడుగున బిగించే ప్లేటు ఉందా, అదనంగా కొనాలా అని ముందే అడగండి. అలాగే నీళ్లు బయటికి పోయే గొట్టాన్ని నేల మీద జాలీలోకి జారవిడవకండి. దాని కొన రెండడుగుల నుంచి మూడడుగుల ఎత్తున వంచి తగిలించాలి. కిందికి వదిలితే లోపలికి వచ్చే నీళ్లు వచ్చినట్టే బయటికి జారిపోతాయి, మెషీన్ గంటల తరబడి నింపుకుంటూనే ఉంటుంది.

ఎన్ని కిలోలది కొనాలి అనే ప్రశ్నకి అందరూ ఇంట్లో ఎంతమంది అని లెక్కేస్తారు. నేనైతే దుప్పటి లెక్కేస్తాను. మెషీన్ మీద రాసే కిలోలు పొడిగా ఉన్న నూలు బట్టల బరువు. పైగా ఆ పూర్తి బరువు కాటన్ ప్రోగ్రాముకే చెల్లుతుంది. సింథటిక్ మీద పెడితే సగమే, పదిహేను నిమిషాల తొందర వాయిలో రెండు కిలోలే. తొట్టి నిండా కుక్కితే బట్టలు ఎగిరి పడే చోటు లేక, ఎత్తి పడేసే పనే జరగదు. బట్టల పైన అరచేయి పట్టే సందుండాలి. నలుగురున్న ఇంటికి ఏడు కిలోలది చాలు. డబుల్ కాట్ దుప్పట్లు, కర్టెన్లు, చలికాలం రగ్గులు కూడా ఇంట్లోనే ఉతకాలనుకుంటే ఎనిమిది. పైకి పోతే ఖాళీ తొట్టిని తిప్పడానికి డబ్బు కడుతున్నట్టే. ఒంటరి దుప్పటిని ఒక్కదాన్నే వేస్తే ఒక పక్కకు ముద్దై, తిప్పడానికి మెషీన్ ఒప్పుకోదు. తోడు రెండు తువ్వాళ్లు వేయండి.

పిండే వేగం వెయ్యి చుట్లు చాలు. వెయ్యి దగ్గర కిలో బట్టలో అరకిలోకు పైన నీళ్లు మిగులుతాయి, 1400 దగ్గర ఇంకాస్త తక్కువ. మన ఎండకు ఆ తేడా అరగంట. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో, బాల్కనీలో ఎండ పడని ఫ్లాట్లలో మాత్రం 1200 అడగండి, వానాకాలంలో ముక్కవాసన తప్పుతుంది.

ఆవిరి, వైఫై, కృత్రిమ మేధ అంటూ సేల్స్ కుర్రాడు చెప్పే వాటిలో నా లెక్కకు ఏదీ అదనపు డబ్బుకి తగదు. ఫోన్‌లోంచి మెషీన్ స్టార్ట్ చేయొచ్చు నిజమే, బట్టలు ఎవరు వేస్తారు? ఆ డబ్బు ప్రెషర్ పంపుకి పెట్టండి. మోటారుకి పదేళ్ల గ్యారంటీ అని పెద్ద స్టిక్కరు అంటించి ఉంటుంది. మోటారు అంత తేలిగ్గా పోయేది కాదు. పోయేవి ఎలక్ట్రానిక్ బోర్డు, నీళ్లు తోడే చిన్న పంపు, బేరింగు. వాటికి ఎన్నేళ్లని అడగండి. బేరింగు విషయంలో ఇంకో మాట. కొన్ని మెషీన్లలో బయటి తొట్టిని రెండు ముక్కలు కలిపి శాశ్వతంగా అతికేస్తారు. బేరింగు అరిగితే మొత్తం తొట్టి మార్చమంటారు, ఆ బిల్లు చూసి కొత్త మెషీన్ కొనేస్తాం. బోల్టులతో బిగించిన తొట్టి అయితే బేరింగొక్కటే మార్చొచ్చు. ఇది సేల్స్ కుర్రాడికి తెలియదు. మీ పేటలో మెషీన్లు బాగుచేసే మెకానిక్‌కి తెలుసు. కొనే ముందు టీ తాగిస్తూ అతన్ని అడగండి, మీ ఊళ్లో ఏ కంపెనీకి విడిభాగాలు తొందరగా వస్తాయో కూడా అతనే చెబుతాడు. దసరా ఆఫర్ల కన్నా ఆ పది నిమిషాలు విలువైనవి.

వాడకం గురించి క్లుప్తంగా చెబుతాను. లంగా బొందుల్ని ముడేసి వేయండి. వదిలేస్తే బొందు పాములా జారి తలుపు రబ్బరులో ఇరుక్కుని, పిండేటప్పుడు రబ్బరును చీరేస్తుంది. చీరను మడిచి వలసంచిలో పెట్టి జిప్ వేయండి, లేకపోతే అయిదున్నర మీటర్ల చీర ఇంటిల్లిపాది బట్టల్ని చుట్టి ఒకే మోకు చేసి ఇస్తుంది. జేబులు తడమండి. మెషీన్ ముందు కింది మూలలో ఒక చిన్న మూత ఉంటుంది, దాని వెనక ఫిల్టరు. నెలకోసారి కింద పళ్లెం పెట్టి తిప్పి చూడండి. రూపాయి బిళ్లలు, పిన్నీసులు, జాకెట్ హుక్కులు, చెవి దిద్దు మర, అన్నీ అక్కడ దొరుకుతాయి. నీళ్లు పోవడం లేదని పిలిచే పిలుపుల్లో చాలా వాటికి మందు అదే. వాయి అయ్యాక తలుపు రబ్బరు మడతల్లో నిలిచిన నీళ్లు పొడిగుడ్డతో తుడిచి, తలుపు నాలుగు వేళ్ల సందుంచి వదిలేయండి. మూసేస్తే వారంలో బూజు పట్టి, ఉతికిన బట్టే కంపు కొడుతుంది. పసిపిల్లలున్న ఇళ్లలో సందుంచే ముందు ప్లగ్గు తీసేయండి, వాళ్లు అందులోకి దూరే వయసులో ఉంటే తలుపుకి తాడు కట్టుకోండి.

ఇది అందరి ఇళ్లకూ తగిన యంత్రమని నేను అనను. ట్యాంకు ఎత్తు చాలక, అద్దె ఇల్లు కాబట్టి పంపు పెట్టనివ్వకపోతే, లేదా గంటన్నర ఆగే తీరిక లేక పొద్దున్నే రెండు వాయిలు గబగబా తేల్చుకోవాల్సిన ఇల్లయితే, పై మూతదో, చవకైన సెమీ ఆటోమాటికో కొనుక్కుని హాయిగా ఉండండి. ట్యాంకు ఎత్తు చాలని ఇంటికి మాత్రం సెమీ ఆటోమాటికే మేలు, దాన్ని బకెట్‌తో నీళ్లు పోసైనా నడుపుకోవచ్చు.

కొన్నవాళ్లకు ఆఖరుగా ఒకటి. మెషీన్ ఇంటికొచ్చినప్పుడు దాని వీపున నాలుగు పొడవాటి బోల్టులు ఉంటాయి. లారీలో తొట్టి ఊగకుండా పట్టి ఉంచేవి అవే. అవి తీయకుండా ఆన్ చేస్తే మెషీన్ గదంతా గెంతుతుంది, లోపలి భాగాలు చెడతాయి. తీయించండి, కానీ ఆ అబ్బాయిని పట్టుకుపోనివ్వకండి. నాలుగూ ఒక కవర్లో వేసి బిల్లుతో పాటు బీరువాలో పెట్టుకోండి. ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించాల్సింది వాటినే, విడిగా వెతికితే అంత తేలిగ్గా దొరకవు.